సెల్‌ఫోన్ లోపలి కథ – 4వ పాఠం: బస్సు కదులుతున్నా మాట ఎందుకు తెగదు?

హన్మకొండ బస్టాండులో కరీంనగర్ బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు పడతాయి. మనిషి ఇంకా కిందే ఉంటాడు, సీటు మాత్రం అప్పుడే ఆయనదైపోతుంది. ఈ దస్తీని గుర్తుపెట్టుకోండి, పాఠంలో మళ్లీ పనికొస్తుంది.

పోయిన పాఠంలో ఊరిని తేనెపట్టు గదుల్లా సెల్స్‌గా గీసి, దూరదూరంగా ఉన్న గదులకు ఒకే ఫ్రీక్వెన్సీని మళ్లీ మళ్లీ పంచాం. పక్కపక్క గదులకు మాత్రం వేర్వేరు ఇచ్చాం. ఇవాళ్టి చిక్కు అక్కడే పుట్టింది. మాట్లాడుతూ గది దాటితే, మాట మధ్యలోనే ఫ్రీక్వెన్సీ మారాలి. మారిన సంగతి మాట్లాడేవాళ్లకు తెలియకూడదు. ఈ పనినే హ్యాండోవర్ అంటారు, అమెరికా వాళ్లు హ్యాండాఫ్ అంటారు.

1946లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కార్లలో ఫోన్లు పెట్టినప్పుడు ఈ గొడవ లేదు. కాల్ అందుకోవడానికి పక్క టవరంటూ ఉంటే కదా! మరుసటి ఏడే అక్కడి టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ చిన్న చిన్న సెల్స్ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. అది అమెరికాలో జనానికి అందింది మాత్రం 1983 అక్టోబరులో, షికాగోలో. ఫ్రీక్వెన్సీలు ఇవ్వడంలో సర్కారు చేసిన ఆలస్యం ఒక కారణం. రెండోది, కదిలే కాల్‌ను టవరు నుంచి టవరుకు మార్చడం చేత్తో ప్లగ్గులు పెట్టే ఆపరేటర్ వల్ల అయ్యే పని కాదు, ఎక్స్‌ఛేంజి తనంతట తానే చేసుకోవాలి. బెల్ ల్యాబ్స్‌కే చెందిన ఏమస్ జోయెల్ అలాంటి స్విచింగ్ పద్ధతికి 1972లో పేటెంటు తెచ్చుకున్నాడు.

షికాగోలో పెట్టినది అనలాగ్ పద్ధతి, అంటే గొంతును అంకెలుగా మార్చకుండా ఉన్నదున్నట్టు తరంగంగా పంపేది. అందులో ఫోను ఏదీ కొలవదు, ఏదీ అడగదు. దాని సిగ్నల్ పడిపోతోందని టవరే గమనించి ఎక్స్‌ఛేంజికి చెబుతుంది. ఎక్స్‌ఛేంజి చుట్టుపక్కల టవర్లను ‘ఫలానా ఛానల్ (కాల్ నడిచే ఫ్రీక్వెన్సీ) మీద మీకెంత వినిపిస్తోంది?’ అని అడుగుతుంది. బాగా వినిపించే టవరులో ఖాళీ ఛానల్ ఒకటి పట్టిపెడుతుంది. అదే మన దస్తీ. ఆ తర్వాతే ‘ఫలానా ఛానల్‌కు పో’ అని ఫోనుకు హుకుం. ఆ హుకుం కూడా మాట నడిచే దారిలోనే రావాలి కాబట్టి, రెప్పపాటు మాటను ఆపేసి దాన్ని పంపేవాళ్లు. చెవికి చిన్న ‘టక్’ మాత్రం తగిలేది.

మన దేశంలో 1995 జూలై 31న అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు తొలి సెల్ కాల్ చేసే నాటికి, మాటను అంకెలుగా మార్చి పంపే జీఎస్‌ఎం అనే డిజిటల్ పద్ధతి వచ్చేసింది. మనం అనలాగ్‌ను దాటేసి నేరుగా ఇక్కడికే వచ్చాం. జీఎస్‌ఎంలో ఒక ఛానల్‌ను 8 మంది వంతులవారీగా వాడుకుంటారు. మన ఫోను మాట పంపడానికి ఒక వంతు, వినడానికి ఒక వంతు చాలు. మిగతా సమయం ఖాళీయే. ఆ ఖాళీలో అది చుట్టుపక్కల టవర్లను చెవులు రిక్కించి వింటుంది. బాగా వినిపించిన 6 టవర్ల లెక్కను సెకనుకు దాదాపు రెండుసార్లు పైకి పంపుతుంది. కొలిచేది ఫోను, తీర్పు చెప్పేది కొన్ని టవర్లను కలిపి నడిపించే కంట్రోలర్ అనే యంత్రం. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. బస్సులో ఉన్నవాడికే కదా ఎక్కడ ఎలా వినిపిస్తోందో బాగా తెలిసేది!

ఇప్పుడు ఆ కంట్రోలర్ కుర్చీలో మీరు కూర్చోండి. ముందు కొలత సంగతి. సిగ్నల్‌ను డీబీఎంలో, మైనస్ అంకెల్లో చెబుతారు. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదోవంతుకు పడినట్టు.

బస్సు హసన్‌పర్తి దాటుతోంది అనుకుందాం. అంకెలు అభ్యాసం కోసం నేను వేసినవి. వెనక టవరు వరసగా: -85, -88, -91, -93, -90. ముందు టవరు: -97, -92, -90, -88, -84. మూడో కొలతకే ముందు టవరు పైచేయి అయింది. మార్చేద్దామా? వద్దు, తేడా 1 మాత్రమే. లారీ అడ్డొచ్చినా, చెట్టు చాటైనా అంత తేడా వస్తుంది. ఇప్పుడు మారిస్తే మరుక్షణం మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. దీన్ని పింగ్‌పాంగ్ అంటారు. అందుకే తేడా కనీసం 4 ఉండాలి, అదీ వరసగా రెండుసార్లు రావాలి అని ఒక నియమం పెట్టుకుందాం. నాలుగో కొలతలో తేడా 5, ఐదో దాంట్లో 6. ఐదో కొలత దగ్గర మార్చండి.

ఇంతసేపు ఆగితే బస్సు ఎక్కడికో పోదా? లెక్కేయండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. రెండు కొలతల మధ్య బస్సు కదిలేది 8 మీటర్లకు కాస్త ఎక్కువ. కాజీపేట మీదుగా 110 వేగంతో పోయే రైల్లో ఉన్నా 15 మీటర్లే. తొందర లేదు. అలాగని నియమాన్ని మరీ బిగించి 12 తేడా అడిగితే, మార్చేలోపే వెనక టవరు చేతులెత్తేస్తుంది.

అంతా సరిగ్గా చేసినా కాల్ తెగొచ్చు. ముందు టవరులో వంతులన్నీ నిండిపోతే దస్తీ వేయడానికి సీటే ఉండదు. మేడారం జాతరలో ఈ బాధ పడనివాళ్లెవరు! దీనికి మందుగా కొన్ని నెట్‌వర్కులు కొత్త కాల్స్‌కు ఇవ్వకుండా కొన్ని ఛానళ్లను, బస్సులో మహిళల సీట్లలాగా, దాటుకొచ్చే కాల్స్ కోసమే ఉంచుతాయి. ‘లైన్ బిజీ’ అంటే జనం సర్దుకుంటారు, మాట మధ్యలో తెగితేనే తిట్టేది. సంబంధం మాట్లాడుతుండగా ఎల్కతుర్తి దగ్గర నా కాల్ తెగి, నేనే అలిగి పెట్టేశానని అవతలివాళ్లు వారం రోజులు అనుకున్నారు.

ఇంటిపని రెండు. ఒకటి: వెనక టవరు -80, -86, -89, -88, -94, -95, ముందు టవరు -90, -87, -84, -86, -88, -89. అదే నియమంతో ఎక్కడ మారుస్తారు? మూడో కొలత దగ్గర తొందరపడకండి. రెండు: ఆండ్రాయిడ్ ఫోనుంటే సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో ‘సిమ్ స్టేటస్’ తెరవండి, డీబీఎం కనిపిస్తుంది. మీ ఊరి నుంచి మండలం దాకా బస్సులో కూర్చుని, డ్రైవింగ్‌లో మాత్రం కాదు, కిలోమీటరుకోసారి రాసుకోండి. తగ్గుతూ తగ్గుతూ అంకె ఒక్కసారిగా ఎగబాకితే, మీ ఫోను టవరు మారి ఉండొచ్చు.

వచ్చే పాఠంలో, జేబులో ఊరకే పడున్న ఫోను ఏ ఊళ్లో ఉందో కనిపెట్టి రింగ్ కొట్టించడం ఎలాగో చూద్దాం.