యాక్సిడెంట్ రిపేరు తర్వాత బండి తిన్నగా పోకపోతే ఏం చేయాలి?

ప్రమాదంలో దెబ్బతిన్న మోటార్‌సైకిల్ షెడ్డు నుంచి కొత్త పెయింటుతో తిరిగి వచ్చినా, హ్యాండిల్ వంకరగా ఉండడం, బండి ఒక పక్కకు లాగడం, బ్రేకు వేయగానే వణకడం వంటి ఇబ్బందులు చాలామందికి ఎదురవుతాయి. “నాలుగు రోజులు నడిపితే సెట్ అయిపోతుంది” అనే మాటకు దయచేసి సరేననకండి. కొత్త బ్రేకు ప్యాడ్లు కొంత నడిచాక కుదురుకోవడం నిజమే కానీ, వంగిన ఇనుము నడిపినంత మాత్రాన తిన్నగా కాదు.

బండిని రోడ్డెక్కించే ముందే సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరిని నొక్కి పట్టుకోమని, ముందు చక్రాన్ని తిప్పి చూడండి. రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండా పట్టుకుంటే రిమ్ము అటూ ఇటూ ఊగుతోందో లేదో తెలిసిపోతుంది. డిస్కును కూడా ఇలాగే చూడాలి. తర్వాత హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడైనా పట్టేస్తుంటే, కోన్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, గుంటలు పడి ఉండవచ్చు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమంటే ఆ కోన్‌సెట్ వదులుగా ఉందన్నమాట.

ఇక చక్రాల వరుస చూడడానికి దారం చాలు. స్టాండుకు తగలని ఎత్తులో వెనక టైరు చుట్టూ దారం వేసి, రెండు కొసలనూ ముందు చక్రం దాకా తెచ్చి, వెనక టైరు ముందు అంచులను తాకీ తాకనట్లు బిగించాలి. ముందు టైరు సాధారణంగా సన్నగా ఉంటుంది కాబట్టి, దానికి ఇరువైపులా ఖాళీ సమానంగా కనిపించాలి. తేడా ఉంటే మొదట చైన్ అడ్జస్టర్ల గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగ్గా ఉన్నా వరుస తప్పిందంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌నో చాసిస్‌నో అనుమానించక తప్పదు.

హ్యాండిల్ మాత్రమే వంకరగా ఉంటే అంత కంగారు పడనక్కరలేదు. కింద పడినప్పుడు ఏదీ వంగకుండానే, ఫోర్కులను పైనా కిందా బిగించి పట్టే ప్లేట్ల మధ్య అవి మెలిపడడం మామూలే. యాక్సిల్, మడ్‌గార్డు, కింది ప్లేటు బోల్టులు వదులు చేయించి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ సరిచేశాక, ఫోర్కులను రెండు మూడు సార్లు నొక్కి వదిలి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించమనండి. అప్పటికీ కుదరకపోతే ఫోర్కు గొట్టాన్ని విప్పించి అద్దం పలకపై దొర్లించాలి; కింద నుంచి వెలుతురు కనిపించి మాయమవుతుంటే గొట్టం వంగిందని అర్థం. దాన్ని మార్పించడమే నా సలహా.

చాసిస్ ముందు భాగంలో కోన్‌సెట్ కూర్చునే గొట్టం దగ్గరి వెల్డింగులను పగటి వెలుగులో పరిశీలించండి. అక్కడ సన్నని పగులు కనిపించినా, గ్యాస్‌తో కాల్చి చాసిస్‌ను వంచి తెచ్చారని తెలిసినా ఆ బండిని నడపకూడదు, ఎందుకంటే అలా వేడిచేసిన ఉక్కు తన బలాన్ని కోల్పోవచ్చు.

వైర్లు, కేబుళ్లు తప్పుగా బిగించడం చాలాచోట్ల జరిగే పొరపాటు. న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ఇంజన్ వేగం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగేస్తోంది. హారన్ దానంతట అదే మోగినా, లైటు ఆరినా ఎక్కడో వైరు నలిగింది. బండి కదిలాక కూడా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరకపోతే చక్రం దగ్గరి సెన్సర్‌ను చూపించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఖాళీ రోడ్డుపై, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, తక్కువ వేగంతో ట్రయల్ వేయండి. ఇన్సూరెన్సు క్లెయిమ్ అయితే ఆ ట్రయల్ పూర్తయ్యేదాకా పని తృప్తిగా ఉందనే కాగితంపై సంతకం పెట్టవద్దు. లోపాలను ఫొటోలు తీసి, జాబ్ కార్డు, బిల్లు జతచేసి షెడ్డు వారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ ప్రతిని బీమా కంపెనీకి కూడా పంపండి. అయినా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.