రహస్య అర దొరికిందని బండి సీజ్ చేస్తే: తాత్కాలిక కస్టడీకి దరఖాస్తు విధానం

సీటు కింద రేకు కోసి చేసిన పెట్టె, డీజిల్ ట్యాంకులో అడ్డుగోడ, లారీ బాడీ అడుగున రెండో ఫ్లోరు. ఇలాంటి అరలో గంజాయో హెరాయినో దొరికితే సరుకుతో పాటు బండీ స్టేషన్‌కు వెళ్తుంది. యజమాని ఆ సమయంలో బండిలో లేకపోయినా, అర సంగతే అతనికి తెలియకపోయినా అంతే. కేసు తేలేదాకా ఊరుకుంటే ఎండకూ వానకూ బండి తుప్పు పడుతుంది, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగవు. అందుకే విచారణ పూర్తికాకముందే బండిని తాత్కాలికంగా అప్పగించమని కోర్టును కోరవచ్చు.

ముందు తేల్చుకోవలసింది ఏ చట్టం కింద సీజ్ చేశారన్నది. ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు చూస్తే తెలుస్తుంది. మత్తుపదార్థాలైతే ఎన్‌డీపీఎస్ చట్టం, దరఖాస్తు ఆ కేసులు చూసే ప్రత్యేక కోర్టులో. ఆంధ్రప్రదేశ్‌లో ఎర్రచందనం లాంటి అటవీ కేసైతే అధీకృత అటవీ అధికారి దగ్గర, మద్యమైతే ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ దగ్గర జప్తు (బండిని శాశ్వతంగా ప్రభుత్వపరం చేయడం) ప్రక్రియ నడుస్తుంది. కస్టమ్స్ కేసులో 110ఏ సెక్షన్ కింద బాండు, పూచీ ఇచ్చి ఆ శాఖనే అడగాలి. కస్టమ్స్ చట్టం 115వ సెక్షన్ ఇంకాస్త కఠినం: సరుకు దాచడానికి వీలుగా మార్చిన వాహనం కస్టమ్స్ ప్రాంతంలోకి వస్తే, ఆ మార్పు ఒక్కటే జప్తుకు చాలు. చట్టం తెలుసుకోకుండా వేసిన పిటిషన్ తిరిగొస్తే నెలలు పోతాయి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఎన్‌డీపీఎస్ కేసుల గురించి, రోడ్డు మీద ఎక్కువగా ఎదురయ్యేది అదే కాబట్టి.

దరఖాస్తు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 497, 503 సెక్షన్ల కింద వేస్తారు. 2024 జూలై 1కి ముందు పాత సీఆర్‌పీసీలో ఇవే 451, 457. మత్తుపదార్థాల కేసుల్లో బండి ఇవ్వరని చాలామంది అనుకుంటారు, కొన్ని కోర్టులూ అలాగే అనేవి. 2025 జనవరి 7న బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు అలాంటి నిషేధం చట్టంలో లేదని చెప్పి, నాలుగు పరిస్థితులను విడదీసింది. సరుకు యజమాని దగ్గరే దొరకడం ఒకటి. అతను పెట్టుకున్న డ్రైవరో క్లీనరో లాంటి మనిషి దగ్గర దొరకడం రెండోది. బండి దొంగతనానికి గురై అందులో దొరకడం మూడోది. బండెక్కిన వేరే వ్యక్తి దగ్గర, యజమాని ప్రమేయం ఉందన్న ఆరోపణ లేకుండా దొరకడం నాలుగోది. చివరి రెండింటిలో మామూలుగా బండి ఇవ్వాలి. మొదటి రెండింటిలో తమ తప్పు లేదని నిందితుడైన యజమాని రుజువు చేసుకునేదాకా ఇవ్వకపోవచ్చు. మీ కేసు ఏ కోవలోకి వస్తుందో పిటిషన్ మొదటి పేజీలోనే రాయించండి. ఎన్‌డీపీఎస్ చట్టం కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం, సీజ్ చేసిన సరుకును, వాహనాలను వదిలించే డ్రగ్ డిస్పోజల్ కమిటీని అడగమని ఎవరైనా తిప్పిపంపితే, ఆ నిబంధనలు ప్రత్యేక కోర్టు అధికారాన్ని తీసేయవని 2025లోనే డెనాష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట చూపించండి.

కాగితాల్లో ముఖ్యమైనవి ఎఫ్‌ఐఆర్, పంచనామా, ఆర్సీ, ఇన్సూరెన్స్, రవాణా వాహనమైతే ఫిట్‌నెస్, పర్మిట్. అప్పు ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, వాయిదాల స్టేట్‌మెంట్. పిటిషన్‌లో క్రైమ్ నంబరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీలో ఉన్నట్టే ఉండాలి. పంచనామాలో ఒక్క అంకె తేడాగా రాసినా ప్రాసిక్యూషన్ దాన్నే పట్టుకుంటుంది, అందుకే తేడా ఉంటే మీరే ముందుగా ఎత్తిచూపి వివరణ ఇవ్వడం మేలు.

ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది ఆర్సీ పేరు దగ్గర. పాత బండి కొని పేరు మార్పించుకోకపోతే కోర్టు దృష్టిలో యజమాని అమ్మినవాడే. కొన్నవాళ్లు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అది చేయకపోయి ఉంటే అమ్మినవారి అఫిడవిట్ తప్పనిసరిగా జతచేయండి. అర పాత యజమాని కాలంలోదని మీరు వాదించబోతుంటే ఆ అఫిడవిట్‌కు ఇంకా విలువ ఉంటుంది.

అసలు బరువైన భాగం ఎన్‌డీపీఎస్ చట్టం 60(3) సెక్షన్. జప్తు తప్పాలంటే తనకు గానీ, తన ఏజెంటుకు గానీ, బండి నడిపినవాడికి గానీ తెలియకుండా జరిగిందని, ముగ్గురూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారని యజమానే రుజువు చేయాలి. 'నాకు తెలియదు' అన్న ఒక్క ముక్క సరిపోదు. డ్రైవరు లైసెన్సు కాపీ, ట్రిప్ షీటు, వే బిల్లు, ఫాస్టాగ్ లెక్కలు, సర్వీసు బిల్లులు, బాడీ కట్టించిన షెడ్డు రశీదు కావాలి. జీపీఎస్ కంపెనీ పాత రికార్డు తీసేయకముందే కాపీ తీసుకోండి. దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేయకపోతే అది సాక్ష్యంగా నిలవదు. ఒక ఇబ్బంది: టూల్ బాక్సో అదనపు ట్యాంకో మీరే పెట్టించి, ఆర్టీఏ అనుమతి తీసుకోకుండా ఉంటే ఆ మార్పు కూడా మీకు వ్యతిరేకంగా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, కొన్నిసార్లు రెండూ. కోర్టుకు దాచకుండా చెప్పండి. బయటపడ్డాక చెప్పిన నిజానికి విలువ తక్కువ.

పిటిషన్ వేశాక పబ్లిక్ ప్రాసిక్యూటర్ కౌంటరు వేస్తారు. 'అర కేసులో సాక్ష్యం, బండి ఇవ్వకూడదు' అన్నది తరచూ వచ్చే అభ్యంతరం. దానికి సమాధానం 497లోనే ఉంది: ఆస్తి కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక తయారు చేయాలి, ఫొటోలు తీయించాలి, అవసరమైతే వీడియో కూడా. ఆ పట్టిక, ఫొటోలు విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయి. అర కొలతలు, మూత, వెల్డింగ్ కనిపించేలా ఫొటోలు తీయించమని పిటిషన్‌లోనే అడగండి.

ఉత్తర్వు వస్తే కోర్టు నిర్ణయించిన విలువకు బాండు, పూచీదారులు ఉండాలి. అమ్మను, తాకట్టు పెట్టను, రంగు మార్చను, పిలిచినప్పుడు తెస్తాను అన్న షరతులు మామూలే. స్టేషన్‌లో బండి తీసుకునేటప్పుడు పంచనామాతో సరిచూసి బ్యాటరీ, టైర్లు, జాకీ, స్టెప్నీ లెక్క రాయించుకుని సంతకం పెట్టండి. అరను మూసేయాలనిపించడం సహజం, కానీ కోర్టు అనుమతి లేకుండా వెల్డింగ్ చేయించకండి. సాక్ష్యాన్ని చెరిపేశారన్న కొత్త ఆరోపణ మీద పడుతుంది.

తిరస్కరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చు. ఇచ్చినా అది తాత్కాలికమే. జప్తు ప్రశ్న ఎన్‌డీపీఎస్ చట్టం 63వ సెక్షన్ కింద విడిగా తేలుతుంది. సీజ్ చేసిన నెల రోజుల లోపు గానీ, హక్కు కోరేవారిని వినకుండా గానీ జప్తు ఉత్తర్వు ఇవ్వకూడదు. ఆ విచారణకు పిలుపు వచ్చినప్పుడు మళ్లీ అవే కాగితాలు, ఈసారి అసలు ప్రతులతో, అవసరమైతే సాక్షులతో చూపించాలి.