పూలనూ వాటి చుట్టాలనూ ఫొటో తీయడం ఎలా?

కెమెరా తీయకముందే ఇంట్లో పూజకు పూలు కోసేవాళ్లతో మాట్లాడుకోండి. మా నెల్లూరులో తెల్లారేసరికి గోడ బయటికి వంగిన కొమ్మ మీద కూడా పువ్వు మిగలదు. రెండు మందారాలు, ఒక నూరువరహాల గుత్తి నాకు వదిలేట్టు మా అమ్మతో ఒప్పందం. మందారం ఒక్కరోజు పువ్వు, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రేపు తీద్దాంలే అంటే కుదరదు.

1. ఉదయం 6.30 నుంచి 8.30 మధ్య తీయండి. రాత్రి చల్లబడ్డ సీతాకోకచిలుకలు రెక్కలు విప్పి ఎండ కాచుకునే వేళ అది, తొందరగా ఎగిరిపోవు. తర్వాత మన ఎండ సంగతి తెలిసిందే. కావలి, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి కూడా లేచి పువ్వును నిలవనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో తెరిపి ఇచ్చిన ఉదయాలు వదలకండి.

2. ఏ పువ్వుకు ఎవరొస్తారో చూసుకోండి. నూరువరహాల పువ్వు సన్నటి గొట్టం, అడుగున ఉన్న తేనె పొడవాటి తొండం ఉన్న సీతాకోకచిలుకలకు బాగా అందుతుంది. మందారానికి తేనెపిట్ట వస్తుంది. అది చాలాసార్లు పువ్వు ముందుకు రాదు. తొడిమ దగ్గర ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది, దొంగపిట్ట! అందుకే పువ్వుకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఊరి బయట జిల్లేడు మీద నల్లటి తుమ్మెదలు దొరుకుతాయి. ఆకు తుంచొద్దు, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పూలే లేని రోజు కరివేపాకు చెట్టు వెతకండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది ఒక్కోసారి నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు.

3. వెంటపడకండి. మొదట్లో నేను తోటంతా పరిగెత్తి ఖాళీ పూలూ, ఎగిరిపోతున్న తోకలూ తీశాను. ఇప్పుడు ఒక పువ్వు ఎంచుకుని, దాని వెనక నీడపట్టున ఉన్న ఆకులు వచ్చేలా చూసుకుని, నా నీడ పువ్వు మీద పడకుండా కూర్చుంటాను. ఎగిరిపోయింది కూడా చాలాసార్లు అదే గుత్తికి తిరిగొస్తుంది.

4. ఫోన్ అయితే లెన్సు తుడవండి. పువ్వు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. మరీ దగ్గరికి వెళ్లి బెదరగొట్టే బదులు, అడుగు వెనక్కి వేసి 2 రెట్లు జూమ్ చేయడం మేలు. ఎర్ర మందారంతోనే అసలు తలనొప్పి: వెలుగు ఎక్కువైతే రేకుల మీద ఈనెలన్నీ పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. పువ్వు మీద నొక్కినప్పుడు తెర మీద కనిపించే వెలుగు గీతను కొంచెం కిందికి జరపండి. తెల్ల దేవగన్నేరుకూ అంతే. కెమెరా ఉంటే సీతాకోకచిలుకకు షట్టర్ స్పీడు (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 500వ వంతు, తేనెపిట్టకు 1000వ వంతు పెట్టి వరసగా పది ఫొటోలు కొట్టండి. ఎండ మండుతుంటే ఎవరినైనా తెల్లపంచె అడ్డుగా పట్టుకోమనండి.

5. తీసినవి అక్కడే పెద్దవి చేసి సీతాకోకచిలుకదో పిట్టదో కన్ను చూడండి. కన్ను మసకగా ఉంటే, రెక్కలు ఎంత బాగున్నా తీసేసి మళ్లీ తీయండి. ఏదైనా 8.30 లోపే. ఆ తర్వాత మా ఇంట్లో ఆ రెండు మందారాలు కూడా దేవుడి గదిలోకి వెళ్లిపోతాయి.