విమానంలో తాజా సరుకు – 4వ పాఠం: పెట్టె కట్టక ముందే చల్లారాలి

గత పాఠంలో ఎగుమతి కోడ్, అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదు అయిపోయాయి. కాగితాలు పక్కన పెట్టి ఈసారి సరుకు చేతికి తీసుకుందాం. తాజా సరుకుకు జగిత్యాల బంగినపల్లి ఉదాహరణ. ఫ్రోజెన్‌కు బెండకాయ ముక్కలు.

థర్మకోల్ పెట్టె మీద చాలామందికి లేనిపోని నమ్మకం. అది చల్లదనం పుట్టించదు. లోపల ఏది పెడితే దాన్ని కొన్ని గంటలు అలాగే పట్టి ఉంచుతుంది. వేడి కాయ పెడితే ఆ వేడినే భద్రంగా కాపాడుతుంది. పైగా కోసిన కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది కాబట్టి దాని సొంత వేడి కూడా లోపలే పోగవుతుంది.

అందుకే లెక్క తోటలోనే మొదలవుతుంది. మే నెలలో జగిత్యాలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోత ఆపేయండి. చిక్కంతో తెంపిన కాయకు తొడిమ కొంచెం పొడుగ్గా ఉంచి, నీడలో కత్తిరించి, తలకిందులుగా జాలీ మీద పెట్టాలి. సొన కారి ఆరడానికి రెండు గంటలు పడుతుంది. సొన తొక్క మీద పడితే నల్లటి చార మిగులుతుంది, ఎంత కడిగినా పోదు. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలినవి లోకల్ మార్కెట్‌కు పంపండి.

యూరప్‌కైతే 48 డిగ్రీల వేడి నీళ్లలో 60 నిమిషాలు ముంచాలి. జపాన్‌కు ఆవిరి పద్ధతి. అమెరికాకు 400 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్, అదీ అక్కడి వ్యవసాయ శాఖ ఒప్పుకున్న కేంద్రంలోనే. వేడి నీళ్లు ఎందుకంటే పండు ఈగ గుడ్లు కాయ లోపల ఉంటాయి, పైన ఎంత కడిగినా చావవు. 2014లో ఆ ఈగ వల్లే యూరప్ మన మామిడిని ఆపేసింది, 2015లో మళ్లీ తలుపు తెరిచింది. అమెరికాలో ఉన్న కొడుక్కు కొరియర్‌లో పది కాయలు పంపాలనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకుని ఆవకాయ పంపుకోవడం మేలు.

ఇప్పుడు చల్లార్చడం. ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే.

కాయ లోపల 36 డిగ్రీలు ఉంది, కోల్డ్ రూమ్ 12లో ఉంది అనుకుందాం. తేడా 24. ఈ తేడా సగానికి రావడానికి ఎంత సేపు పడితే, ఆ మిగిలిన సగం మళ్లీ సగం కావడానికీ అంతే సేపు పడుతుంది. 24 నుంచి 12, 12 నుంచి 6, 6 నుంచి 3. మూడు సగాలయ్యాక కాయ 15 డిగ్రీలకు వస్తుంది. ఫ్యాన్‌తో గాలి లాగితే ఒక్కో సగానికి గంటన్నర అనుకున్నా నాలుగున్నర గంటల్లో పని పూర్తి. పెట్టెలు ఊరికే గదిలో పేర్చి తలుపు వేస్తే మధ్య వరుస మర్నాటికి కూడా వెచ్చగానే ఉంటుంది.

గాలి లాగడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. పెట్టెల్ని ఎదురెదురుగా రెండు వరుసలుగా పేర్చి, మధ్య సందు మీద తాడిపత్రి కప్పండి. ఒక కొస మూసి, రెండో కొసన ఫ్యాన్‌ను బయటికి ఊదేలా పెట్టండి. గది గాలి పెట్టెల రంధ్రాల గుండా తప్ప ఇంకెక్కడినుంచీ లోపలికి రాకూడదు. గాలి వెళ్లే దారిలో ఒకదాని వెనక ఒకటి ఉన్న పెట్టెల రంధ్రాలు ఎదురెదురుగా ఉండాలి. ఒక వరుస తిప్పి పేర్చితే అక్కడే గాలి ఆగిపోతుంది. మధ్య వరుసలోంచి ఒక కాయ తీసి థర్మామీటర్ ముల్లు టెంక దాకా గుచ్చి చూడండి. గోడ మీది మీటరు గది సంగతి చెబుతుంది, కాయ సంగతి కాదు.

500 కిలోల మామిడిని 36 నుంచి 15కు దించడమంటే సుమారు 120 కిలోల ఐసు కరిగించేంత వేడి బయటికి తీయడం. పెట్టెకు రెండు జెల్ ప్యాకులు వేసి తృప్తి పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

అలాగని మరీ చల్లగానూ వద్దు. బంగినపల్లికి 12–13 డిగ్రీలు చాలు. 10 కిందికి పోతే తొక్క మీద బూడిద రంగు గుంటలు పడతాయి, కాయ సరిగా మాగదు. చలిలో ఉన్నంతసేపూ ఏమీ కనిపించదు. బయటికి తీసి వెచ్చబడ్డాకే బయటపడుతుంది, అంటే చూసేది కొన్నవాడు. ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు) మీద సీ-ఓ-ఎల్ అనే కోడ్ వేస్తే సరుకును 2–8 డిగ్రీల గదిలో పెడతారు. మందులకు అది సరిపోతుంది, మామిడికి చావు. సీ-ఆర్-టీ అంటే 15–25. మన కాయకు రెండూ అతకవు కాబట్టి హ్యాండ్లింగ్ గడిలో అంకెలతోనే రాయించండి: +12 నుంచి +15.

రాజీవ్ రహదారి మీదుగా శంషాబాద్ విమానాశ్రయం దాకా రీఫర్ (ఫ్రిజ్ ఉన్న) బండిలోనే. మామూలు డీసీఎంలో వెళ్తే చల్లటి అట్ట మీద వేడి గాలి తగిలి నీళ్లు పడతాయి, అట్ట మెత్తబడి కింది వరుస నలుగుతుంది.

ఇక ఫ్రోజెన్. బెండ ముక్కలు నడుమ దాకా మైనస్ 18కి చేరాకే పెట్టెలోకి. ఇంటి డీప్ ఫ్రీజర్లో నింపేసి గడ్డకట్టిస్తే నెమ్మదిగా గడ్డకడుతుంది, పెద్ద మంచు ముక్కలు కణాల్ని చీల్చేస్తాయి, కరిగాక జిగురు నీళ్లే. చల్లటి గాలి గట్టిగా ఊదుతూ మైనస్ 35 దగ్గర నడిచే బ్లాస్ట్ ఫ్రీజర్ కావాలి. చేప, మాంసానికి ప్లాంటు ఆమోదాలు వేరు, అవి తర్వాతి పాఠాల్లో.

డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) లెక్క ఇలా. బయటి కొలత 50×40×35 సెం.మీ., గోడ మందం 4 సెం.మీ. ఉన్న థర్మకోల్ పెట్టె. లోపల 36 లీటర్ల చోటు. బయట సగటున 22 డిగ్రీలుంటే రోజుకు సుమారు నాలుగున్నర కిలోల డ్రై ఐస్ ఆవిరవుతుంది. ప్రయాణం 36 గంటలైతే 60 గంటలకు కట్టండి, ఎందుకంటే కనెక్షన్ విమానం తప్పితే ఒక రోజు పోతుంది. అంటే పదకొండుంబావు కిలోలు. అది దాదాపు 14 లీటర్లు తినేస్తుంది, మిగిలిన చోట్లో పట్టే సరుకు 11 కిలోలు. కట్టే కిరాయిలో సగం ఐసుకేనన్నమాట. ఫ్రోజెన్ వ్యాపారంలో లాభం ఎందుకు పలచనో ఇక్కడే తెలుస్తుంది.

డ్రై ఐస్ సరుకు పైన పెట్టండి, చలి కిందికి దిగుతుంది. మూత చుట్టూ టేపు బిగించి మూసేయొద్దు. కిలో డ్రై ఐస్ సుమారు 500 లీటర్ల గ్యాసవుతుంది, దారి లేకపోతే పెట్టె పగులుతుంది. బండి క్యాబిన్‌లో పెట్టుకుంటే డ్రైవర్‌కు ప్రాణాపాయం, కిటికీ తీసి ఉంచాల్సిందే. పెట్టె మీద యూఎన్ 1845 (డ్రై ఐస్ అంతర్జాతీయ నంబరు), ప్రమాదకర సరుకుల తొమ్మిదో తరగతి గుర్తు, డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో ఉండాలి. ఒక విమానంలో ఎంత డ్రై ఐస్ ఎక్కించాలో ఎయిర్‌లైన్‌కు హద్దు ఉంటుంది, కాబట్టి బుకింగ్ నాడే ఫార్వర్డర్‌కు (మీ తరఫున విమానంలో చోటు బుక్ చేసే ఏజెంటుకు) చెప్పండి. టెర్మినల్ గేటు దగ్గర చెబితే సరుకు వెనక్కే.

కిరాయి తూకం బరువుకో, చోటు బరువుకో, ఏది ఎక్కువైతే దానికి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే చోటు బరువు. 60×40×40 పెట్టెలో 6 కిలోల గోంగూర పంపితే 16 కిలోలకు కట్టాలి. అదే సరుకు నలగకుండా 30 ఎత్తులో సర్దితే 12కు వస్తుంది. మామిడి బరువైన సరుకు, దానికి తూకమే. రేటు 45, 100, 300, 500 కిలోల దగ్గర దిగుతుంది. 92 కిలోలకు రేటు కిలోకు 180 రూపాయలు, 100 నుంచి కిలోకు 160 అనుకోండి: 92 కిలోలుగా కడితే 16,560, వంద కిలోలుగా కడితే 16,000. వంద కిలోల కింద వేయమని అడగండి, అది మీ హక్కే.

ఈ వారం లెక్క: పైన చెప్పిన డ్రై ఐస్ పెట్టెలు నాలుగు, ఒక్కో ఖాళీ పెట్టె కిలో బరువు. మొత్తం ఎన్ని కిలోలకు కిరాయి పడుతుంది, అందులో అమ్ముకునే సరుకు ఎంత? ప్రయాణం 36 బదులు 24 గంటలైతే, ఒక రోజు అదనం అలాగే ఉంచి, పెట్టెకు ఎంత డ్రై ఐస్ తగ్గించవచ్చు? జవాబు 5వ పాఠం మొదట్లో.