మత్తడి లేని కుంట పక్కన మనుషులను పడుకోబెట్టవద్దు

గత వానకాలంలో హనుమకొండకు కొంత దూరంలోని ఒక ఫాంస్టేలో (అతిథులు బస చేసే వ్యవసాయ క్షేత్రంలో) కుంట కట్ట తెగి, దిగువన కట్టిన రెండు గుడిసెలు తెల్లవారేసరికి కిటికీల దాకా బురదలో కూరుకుపోయాయి. ఆ రాత్రి అతిథులు లేరు కాబట్టి అది పత్రికకెక్కలేదు. రసాయనాలు లేని సాగు, ఫుడ్ ఫారెస్ట్ (అడవిలా పెంచే తిండి చెట్ల తోట), రెండు మూడు కుంటలు, నాలుగు గదులు అనుకుని మన వైపు చాలామంది ఇప్పుడు భూమి పనులు చేయిస్తున్నారు. మిరుగు (మృగశిర కార్తె) రాకముందే వారు చూసుకోవలసినవి ఇవి. ఏ మొక్క పెట్టాలో చెప్పేవారు ఎందరో ఉన్నారు కనుక నీటి సంగతే రాస్తున్నాను.

మనుషులను ముంచుతున్న తప్పు ఒక్కటే: మత్తడి, అంటే నిండిన నీరు పొర్లిపోయే అలుగు, లేని కుంట. తవ్వించేవారు ఎన్ని నీళ్లు నిలుస్తాయో లెక్క వేస్తారు గాని, నిండిన తరువాత అవి ఎటు పోవాలో ఆలోచించరు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది, అంటే ఎకరానికి 26 లక్షల లీటర్లు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు గల కుంటను నిలువు గోడలతో తవ్వినా, అది ఖాళీగా ఉన్నా, 12 లక్షల లీటర్లకు మించి పట్టదు. మిగిలిన నీరు మట్టికట్ట మీదుగా పొర్లి మొదట కట్టకు వెనుక, అంటే నీరు నిలవని వైపు, వాలును కోస్తుంది, ఆ కోత పైకి పాకి కట్టను తెంచుతుంది.

పైపు మత్తడి కాదు. నాలుగంగుళాల పైపు మూతికి ఒక్క టేకు ఆకు అడ్డం పడితే చాలు. మత్తడిని కట్ట చివరన, పోసిన మట్టి మీద కాక తవ్వని గట్టినేల మీద, కట్ట పైభాగం కంటే కనీసం రెండడుగులు తక్కువ ఎత్తులో, వెడల్పుగా, రాతి పరుపుతో కట్టించి, పొర్లిన నీరు ఒర్రెలో (చిన్న వాగులో) కలిసేదాకా దారి చూపాలి. కాకతీయుల కాలం నుంచి మత్తడులతో నిలిచిన రామప్ప, పాకాల చెరువులున్న నేల మీద ఈ మాట చెప్పవలసి రావడమే విచిత్రం.

కట్ట మట్టిని అరడుగు మందం పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. కట్ట మీద మామిడి, పనస పెట్టవద్దు. చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ సందు నీటికి దారి అవుతుంది. వట్టివేరు గడ్డి చాలు.

గదులు కట్టకు దిగువన వద్దు.

చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, అసలే వద్దు.

ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో పడితే ఈత వచ్చినవారు కూడా జారిపోతారు. నాలుగు వైపులా ముడులు వేసిన మోకులు కట్టండి, చుట్టూ కంచె వేసి తాళం పెట్టండి.

ఆకుల కుప్పలు గదులకు దూరంగా వేయండి. ఎలుకల వెంట పాములు వస్తాయి. కట్లపాము నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది కాబట్టి అతిథులను నేల మీద పడుకోనివ్వవద్దు.

మోటారు స్టార్టరును తడి చేతులతో ముట్టవద్దు.

మత్తడికి అడ్డంగా చేపల వల కట్టవద్దు. కట్టేవారు చాలామంది ఉన్నారు. చెత్త పట్టిన వల ఉంటే మత్తడి లేనట్టే.

వాన పడుతున్నప్పుడు గంటకొకసారి కట్ట వెనుక వాలు చూడండి. ఊట తేటగా ఉంటే కనిపెట్టి ఉండండి. బురదగా వస్తే దిగువనున్న అందరినీ వెంటనే లేపి మెరకకు చేర్చండి, సామాను కోసం ఎవరినీ వెనక్కు పోనివ్వవద్దు.