కూల్చేసిన వీధిని కాగితం మీద మళ్లీ గీయడం ఎలా?

చిన్నప్పుడు మీరు తిరిగిన వీధి నగరం నడిబొడ్డున ఉండి, రోడ్డు వెడల్పులోనో కొత్త కట్టడాల కిందో పోయిందనుకోండి. మీ దగ్గర మిగిలేవి రెండే: తలలో ఉన్నది, పాత ఫొటోల్లో ఉన్నది. ఈ రెండూ కలిపితే ఆ వీధికి నమ్మదగిన పటం గీయొచ్చు. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు కిటుకు. చాలామంది ఫొటోలతో మొదలుపెడతారు. నేనైతే ఫొటోనే గుడ్డిగా నమ్మి దెబ్బతిన్నాను.

1. ఆల్బమ్ తెరవకండి, పెన్సిల్ తీయండి

ఒకసారి ఫొటో చూశాక, మీకు గుర్తున్నది వీధా, ఫొటోనా అని తేల్చుకోవడం కష్టం. అందుకే ముందు గుర్తున్నది గీయండి. పైనుంచి చూసినట్టు కాదు, నడుస్తున్నట్టు. మీ గుమ్మం దగ్గర బయల్దేరి ఒక వైపు ఇళ్లన్నీ వరసగా రాసుకుంటూ మలుపు దాకా వెళ్లండి. మర్నాడు మలుపు నుంచి వెనక్కి రండి. దారి తిరగేస్తే ముందురోజు తట్టనివి తడతాయి.

కళ్లకు అందనిది కాళ్లను అడగాలి. ఎక్కడ పరుగు ఆపేవారు? ఎక్కడ కాలవ దాటడానికి ఎగిరేవారు? ఏ గోడ పక్కన నీడ ఉండేది, ఎక్కడ వాసన మారేది? దూరాలు మీటర్లలో రాయొద్దు. పిల్లల లెక్కలో ఆరడుగుల సందు కూడా రాజమార్గమే. 'మునివేళ్ల మీద నిలబడితే అవతల కనిపించే గోడ' అని రాసి, అప్పుడు మీ వయసెంతో పక్కన వేయండి. ఆ వయసు పిల్లల ఎత్తు తెలిస్తే గోడ ఎత్తు తర్వాత లెక్కగట్టొచ్చు. అనుమానం ఉన్నచోట చుక్కల గీత పెట్టండి. కాగితం మీద తేదీ మర్చిపోకండి.

2. మిగతావాళ్లను విడివిడిగా అడగండి

అందరినీ ఒకచోట కూర్చోబెడితే కబుర్లు బాగుంటాయి, పటం పాడవుతుంది. గొంతు పెద్దదున్న మనిషి జ్ఞాపకమే కాసేపటికి అందరి జ్ఞాపకం అయి కూర్చుంటుంది. ఒక్కొక్కరినీ వేరుగా కలిసి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. 'ఆ నీలం గేటు గుర్తుందా?' అని అడక్కండి. 'గేటు ఎలా ఉండేది?' అనండి. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం ఇందుకు మంచి హెచ్చరిక. కార్లు గుద్దుకున్న వీడియోలు చూపించి, వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో 'తగిలినప్పుడు' అంటే తక్కువ చెప్పారు, 'బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు' అంటే ఎక్కువ చెప్పారు. మారింది ఒక్క మాటే.

3. ఇప్పుడు ఫొటోల వేట

ఇంట్లో ఆల్బమ్‌లే ముందు. ముఖాలు వదిలేసి వెనక ఏముందో చూడండి. పుట్టినరోజు ఫొటోలో తెరిచి ఉన్న కిటికీ, ఎవరో కొత్త స్కూటర్ మీద కూర్చుని దిగిన ఫొటోలో ఎదురింటి గోడ... వీధిని ఎవరూ పనిగట్టుకుని తీయరు, అది వెనకాల పడుతుంది.

పనిగట్టుకుని తీసేది సాధారణంగా కూల్చబోయే ముందే. 1860లలో పారిస్ నగరం పాత వీధుల్ని పడగొట్టే ముందు షార్ల్ మార్విల్ చేత నాలుగు వందలకు పైగా ఫొటోలు తీయించింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇరుకు సందుల్ని తీసేసే పని పెట్టుకున్న ట్రస్టు కోసం థామస్ ఆనన్ 1868 నుంచి 1871 దాకా వాటిని ఫొటోలు తీశాడు. కాబట్టి మీ వీధి ఎవరి ఆధ్వర్యంలో పోయిందో కనుక్కుని, ఆ కార్యాలయం పాత ఫైళ్లు ఇప్పుడు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో అడగండి. పరిహారం కోసం తీసిన ఫొటోలు, సర్వే పటాలు అక్కడే దొరకొచ్చు.

ఫొటోలు లేకపోయినా పటాలు ఉండొచ్చు. అమెరికాలో శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పటాల్లో ఇటుక కట్టడాలు గులాబీ రంగులో, చెక్కవి పసుపులో ఉంటాయి. వీధి ఈమధ్యే పోయినదైతే గూగుల్ స్ట్రీట్ వ్యూ చూడండి. అది 2007లో మొదలైంది. 2014 నుంచి పాత ఏళ్ల చిత్రాలు కూడా వెనక్కి వెళ్లి చూడొచ్చు, అవి తీసి ఉంటే.

4. స్కానింగ్

ఆల్బమ్‌కు అంటుకుపోయిన ఫొటోను పీకొద్దు, పేజీ మొత్తాన్ని ఫొటో తీయండి. విడి ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) చాలు, చిన్నవైతే 1200. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫ్రేము పొడవు 36 మిల్లీమీటర్లే కాబట్టి దాన్ని 3000 డీపీఐలో చేస్తే సుమారు 4,250 పిక్సెళ్లు వస్తాయి. అసలు కాపీ టిఫ్‌గా (వివరాలు పోకుండా ఉంచే ఫైలు రకం) దాచండి, వెనకవైపు కూడా స్కాన్ చేయండి. వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా. బాల్‌పెన్ గాటు ముందుకు తేలుతుంది.

5. ఫొటోను అనుమానించండి

చాలా పాత ఫొటోల్లో వీధి ఖాళీగా ఉంటే జనం లేరని కాదు. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డగేర్ పారిస్‌లో ఒక బులివార్డ్‌ను (వెడల్పాటి వీధిని) తీసినప్పుడు నిమిషాల తరబడి వెలుతురు పట్టాల్సి వచ్చింది. కదిలే బళ్లూ మనుషులూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం కనిపించాడు.

ఫొటో ఏ ఏడాదిదో తేలకపోతే, అందులో అన్నిటికంటే కొత్త వస్తువును పట్టుకోండి. మోటారు సైకిల్ మోడల్ కావచ్చు, వీధి దీపం కావచ్చు. అది రాకముందు ఆ ఫొటో పుట్టి ఉండదు. పాత రంగుల ప్రింటు ఎర్రబారిందంటే అసలు గోడ ఎర్రదని కాదు. మిగతా రంగులు వెలిసిపోయి ఎరుపు మిగిలి ఉంటుంది.

ఇక నేను దెబ్బతిన్న సంగతి. మా పాతింటి మెట్లున్న ఫొటో ఒకటి దొరికింది. అందులో మెట్లు గుమ్మానికి కుడివైపున ఉన్నాయి. నాకు మాత్రం ఎడమవైపని గుర్తు. ఫొటో అబద్ధం చెప్పదు కదా అని పటంలో దిద్దేశాను. తర్వాత మా అక్కకు ఏమీ చూపించకుండా గీయమంటే తనూ ఎడమవైపే గీసింది. అప్పుడు స్కాన్‌ను పెద్దది చేసి చూశాను. మెట్ల పక్కన గోడకు ఆనించిన సైకిల్ ఉంది. సైకిల్ చైను మామూలుగా తొక్కేవాళ్లకు కుడివైపునే ఉంటుంది, ఇందులో ఎడమవైపున ఉంది. ఎవరో నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారు! బోర్డు మీద అక్షరాలుంటే వెంటనే తెలిసిపోయేది. అవి లేనప్పుడు సైకిల్ చైను, చొక్కా జేబు, చేతి గడియారం చూడండి. ఒక్క ఆధారంతో ఆగొద్దు. జేబు కుడివైపున కుట్టించుకునేవాళ్లూ ఉంటారు.

6. ఫొటో తీసినచోట నిలబడటం

ఇది అన్నిటికంటే సరదా పని. ఫొటోలో దగ్గరగా ఉన్నదొకటి, దూరంగా ఉన్నదొకటి ఎంచుకోండి. గోపురం అంచు స్తంభానికి సరిగ్గా ఎడమ పక్కన తగులుతున్నట్టు ఉందనుకోండి. మీకూ అలా కనిపించేదాకా పక్కకు జరగండి. తర్వాత ఫొటోలో ఇంకోవైపున, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా ఉన్న మరో జత పట్టుకుని ముందుకో వెనక్కో సర్దుకోండి. 1977 నుంచి అమెరికాలో ఫొటోగ్రాఫర్ మార్క్ క్లెట్, ఆయన సహచరులు 19వ శతాబ్దపు సర్వే ఫొటోలను మళ్లీ అవే చోట్ల నిలబడి తీసింది ఇంచుమించు ఇలా కొలతలు చూసుకునే.

చుట్టూ ఏమీ మిగల్లేదా? తల పైకెత్తి కొండ, గోపురం, గడియార స్తంభం వెతకండి. తల దించి రోడ్డు అకారణంగా వంకర తిరిగినచోటు, రెండు స్థలాల మధ్య హద్దు వెతకండి. ఇళ్లు పోయినా హద్దులు అంత త్వరగా పోవు.

7. మూడు రంగుల పటం

పాత సర్వే పటం దొరికితే దాని మీద, లేదంటే తెల్ల కాగితం మీద: మీ జ్ఞాపకం పెన్సిల్‌తో, మిగతావాళ్లు చెప్పింది నీలంతో, ఫొటోతో రుజువైంది ఎర్రటి సిరాతో. పొంతన కుదరని చోట ఏదీ చెరిపేయొద్దు, రెండూ ఉంచి, ఏది ఎవరు చెప్పిందో తెలిసేలా పేర్లకు బదులు గుర్తులు వేయండి. ఇంటర్నెట్‌లో పెట్టేముందు ఫొటోల్లో ఉన్నవాళ్లను అడగండి.

మా పటంలో మెట్లు ఇప్పుడు ఎర్ర సిరాలో, ఎడమవైపున ఉన్నాయి. వాటి కింద దాగుడుమూతలప్పుడు మేం దూరే చోటు ఏ ఫొటోలోనూ పడలేదు, అది పెన్సిల్ గీతగానే ఉంది. వెడల్పు ఎంతని అడిగితే అక్క పక్కనే నీలం పెన్నుతో రాసింది: 'ఇద్దరు పట్టేంత. నువ్వు తుమ్మకపోతే.'