ఇన్నోసెంట్ అనే మాట ఎక్కడ ఎలా వాడాలి

మనలో చాలామంది ఇన్నోసెంట్ అంటే అమాయకుడు అని ఒక్క అర్థమే గుర్తుపెట్టుకుంటాం, కానీ దీని మూలం లాటిన్‌లో నొకేరే, అంటే హాని చేయడం, దానికి ముందు లేదు అనే అర్థమిచ్చే ఇన్ చేరింది, అందుకే నిర్దోషి అనే అర్థం కూడా దీనికి గట్టిగా ఉంది. కోర్టు వార్తలో హీ ఈజ్ ఇన్నోసెంట్ అని కనిపిస్తే అతను అమాయకుడు అని రాయకండి ప్లీజ్, అతను తప్పు చేయలేదు అని అర్థం, రెండూ చాలా వేరు. ఏ నేరం అనేది కూడా చెప్పాలంటే పక్కన ఆఫ్ పెట్టాలి, షీ ఈజ్ ఇన్నోసెంట్ ఆఫ్ ద క్రైమ్, ఇక్కడ ఫ్రమ్ రాదు.

చిన్నపిల్లల గురించైతే యాన్ ఇన్నోసెంట్ చైల్డ్, అంటే మనసులో కల్మషం లేని పాప. యాన్ ఇన్నోసెంట్ క్వశ్చన్ అంటే దురుద్దేశం లేకుండా అడిగిన ప్రశ్న.

లోకం తెలీక ఈజీగా మోసపోయే పెద్దవాళ్లకి నాకైతే నయీవ్ అనేదే కరెక్ట్ అనిపిస్తుంది, కాకపోతే అందులో కొంచెం చిన్నచూపు ఉంటుంది, ముఖం మీద అనకండి.

ఇంకోటి, హీ ఈజ్ ఇన్నోసెన్స్ అనేస్తుంటారు, అది తప్పు, ఇన్నోసెన్స్ అంటే అమాయకత్వం, మనిషిని చెప్పేటప్పుడు ఇన్నోసెంట్ అనే అనాలి.